పట్టుకునే మనిషి

మొగుడికి ప్లంబరు లైసెన్సు వచ్చిన రోజున సుభాషిణి వాటాకి వచ్చింది చేపల పులుసు. బంధువులు భోజనానికి వస్తున్నారని మైపాడు నుంచి పొద్దున్నే గంపెడు చేపలు దిగాయి. పెరట్లో కూర్చుని పొలుసు గీకి, రాతి మీద రుద్ది, ఉప్పేసి కడిగి, మామిడికాయ ముక్కలు కోసి, చింతపండు నానబెట్టేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. చింతపండు గిన్నెలో చెయ్యి పెట్టబోతుంటే అత్త వెంకటశేషమ్మ గడప మీంచి అరిచింది.

"ఆ చేత్తో పిసకబాక. గరిటెతో మెదుపు. పైపులకి పూసే ఆ సొల్యూషన్ వాసన కొడతాది."

కొట్టదూ మరి! వేళ్ల చివర ఆ జిగురు గట్టిపడి, కిరసనాయిలు పెట్టి రుద్దినా ఊడక, గోళ్ల కింద కూడా చేరిపోయింది. లైసెన్సు వచ్చిందే ఆ వాసనతో. ఆ మాట పైకి అనకుండా సుభాషిణి గరిటె తీసుకుంది. వంటింట్లో సింకు మీద కొళాయి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. ఉగాదికి ముందు నుంచీ కారుతోంది. చెప్పిన ప్రతిసారీ "ఇంటి పని యాడికి పోతాదిలే" అంటాడు పెంచలప్రసాద్. ఆమె తలుచుకుంటే వాషరు మార్చడం ఎంతసేపు? కానీ మార్చలేదు. ఈ ఇంట్లో ఒక్క పనన్నా అతను చేసి తీరాలని ఆమెకో మొండితనం. ఆ మొండితనం కింద గిన్నె పెట్టి నీళ్లు పట్టుకుంటోంది.

ముందు గదిలో నవ్వులు. బిట్రగుంట నుంచి వచ్చిన మొగుడి అన్న నరేంద్రబాబు గొంతు అందరికన్నా పెద్దది. "మా పెంచల్ సాధించినాడబ్బా! ఇందుకూరుపేట మండలం మొత్తంలో లైసెన్సు ఉండే ప్లంబర్లు ఎంతమంది చెప్పు! ఏమ్మా సుభాషిణీ, లైసెన్సు హోల్డరు పెళ్లానివయినావు, ఇంక నీకేం తక్కువ?"

"ఒక మూకుడు తక్కువ బావా, చేపలు ఎక్కువొచ్చినాయి" అంది ఆమె లోపల్నుంచి. అందరూ నవ్వారు. ఆమె మాటలకి అందరూ నవ్వుతారు. అందులో మాట ఉందని ఎవరూ అనుకోరు.

అసలు ఆమె ఈ పనిలోకి ఎలా వచ్చిందంటే, ఆడవాళ్ల బాత్రూముల దారిన వచ్చింది. ఇటువైపు ఊళ్లలో మగవాళ్లు పొద్దున్నే పొలానికో రొయ్యల గుంటలకో పోతారు. ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా ఉంటే పరాయి మగాణ్ణి గుమ్మం దాటనీరు, బాత్రూములోకి అసలే రానీరు. పైపు పగిలి ఇల్లంతా నీళ్లయినా సరే, "మా ఆయన వచ్చినాక రాన్నా" అంటారు. ఇలా పనులు పోతున్నాయని పెళ్లయిన కొత్తలో పెంచలప్రసాద్ ఆమెని వెంటబెట్టుకుపోయాడు. "ఊరికే వాకిట్లో నిలబడు చాలు. ఆడమనిషి ఉండాదని ధైర్యం వాళ్లకి" అన్నాడు. నిలబడింది. నిలబడ్డ మనిషి రెంచి అందించింది. అందించిన మనిషి లోపలికెళ్లింది. ఆఖరికి అతను వరండాలో కూర్చుని టీ తాగుతూ "ఎల్బో పెట్టినావా మే?" అని కేకేయడం, ఆమె లోపల మోకాళ్ల మీద కూర్చుని పెట్టడం అలవాటైపోయింది. పనయ్యాక చేతులు కడుక్కుని వచ్చి యజమానితో మాట్లాడేది మాత్రం అతనే.

వెంకటశేషమ్మ ఊరంతా చెప్పుకునేది. "నా కొడుక్కి పెళ్లామంటే ఎంత ప్రేమో, పనికి పోతా కూడా వదిలిపెట్టడు."

ఆ ఇళ్లలో సుభాషిణి చాలా నేర్చుకుంది. తలుపు తీస్తూనే "బయటున్నావా అమ్మాయ్?" అని అడిగే పెద్దావిడలు ఉంటారు. అవునంటే మంచినీళ్ల ట్యాంకు ముట్టుకోనివ్వరు. "అయితే ఆ లెట్రిన్ పైపు అడ్డం పడింది, అది చూడు" అంటారు. మైల మంచినీళ్లకే గానీ మురుగుకి లేదు! మొదట్లో నిజం చెప్పి, నెలనెలా మురుగులోనే చేతులు పెట్టింది. తర్వాత అబద్ధం ఆడటం నేర్చుకుంది. ఆ నీళ్లు తాగి ఏ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకొకటి కూడా నేర్చుకుంది. ప్లాస్టిక్ పైపుకి సొల్యూషన్ పూసి, ఎల్బో అనే మలుపు ముక్కలోకి దూర్చి, పావువంతు తిప్పాక, కదలకుండా కాసేపు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. వెంటనే చెయ్యి తీసేస్తే పైపు తనంతట తానే కొంచెం వెనక్కి జరుగుతుంది. కంటికి తెలీదు. నీళ్లు వదిలిన నాడు తెలుస్తుంది. పూయడానికి హుషారు చాలు, పట్టుకోవడానికి ఓపిక కావాలి. హుషారు పెంచలప్రసాద్‌కి కావలసినంత ఉంది. ఓపికకి పెళ్లాం ఉంది. పూసి, దూర్చి, "పట్టుకోవే" అని తర్వాతి అతుక్కి పోయేవాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆమెతో ఎక్కువసార్లు అన్న మాట అదే. పైపు పట్టుకోవే, నిచ్చెన పట్టుకోవే, సంచి పట్టుకోవే. ఆమె చెయ్యి మాత్రం అతను ఎన్నిసార్లు పట్టుకున్నాడో ఆలోచిస్తే నవ్వొస్తుంది. వద్దులే, ఆ లెక్క ఎందుకు?

కొత్త కాలనీల్లో కొళాయి కనెక్షన్లు ఇవ్వాలంటే లైసెన్సు ఉండాలన్నారు. నెల్లూరులో పరీక్ష పెట్టారు. ఒక్క మనిషి అంత పొడుగు పైపు పట్టుకోలేడు గనక, పరీక్షకి వచ్చేవాళ్లు తలా ఒక హెల్పర్ని తెచ్చుకోవచ్చన్నారు. పెంచలప్రసాద్ ఇంకెవర్ని తీసుకుపోతాడు? గుమ్మం దగ్గర రాసుకునే మనిషి "హెల్పరు పేరు?" అని అడిగాడు. సుభాషిణి నోరు తెరవబోయింది.

"పేరెందుకు సార్, భార్య అని రాసుకోండి" అన్నాడు మొగుడు.

ఆ మనిషి అలాగే రాసుకుని నవ్వాడు. "అదృష్టవంతుడివయ్యా, జీతం లేని హెల్పరు." లోపల పరీక్ష పెట్టే సారు గట్టిగా చెప్పాడు, హెల్పరు సామాను అందించొచ్చు, పట్టుకోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదని. సుభాషిణికి ఆ నిబంధన కొత్తగా అనిపించలేదు, ఇంట్లోనూ అదే.

పెంచలప్రసాద్ పైపులు గబగబా కోశాడు, గబగబా పూశాడు, దూర్చాడు. ప్రతి అతుకు దగ్గరా ఆమె రెండు చేతులా నొక్కి పట్టుకుంది. ఒకచోట వాల్వు తిరగేసి పెట్టబోయాడు. నీళ్లు ఎటు పోవాలో దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది చూడనే లేదు. ఆమె మాట్లాడకూడదు కదా! అతని అరచేతిలోంచి వాల్వు తీసుకుని, కొంగుతో తుడిచినట్టు తుడిచి, సరైన వైపుకి తిప్పి మళ్లీ అరచేతిలో పెట్టింది. అతను ఒక్కసారి ఆమె మొహం చూసి బిగించాడు. తర్వాత పైపుల్లోకి నీళ్లు నింపి ప్రెషరు పెట్టారు. గడియారం లాంటి మీటరులో ముల్లు కదల్లేదు, అంటే ఏ అతుకు దగ్గరా చుక్క కారలేదు. సారు వచ్చి పెంచలప్రసాద్ భుజం తట్టాడు.

"మంచి చెయ్యయ్యా నీది!"

అతను ఆ చెయ్యి చూసుకుని మురిసిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాడు. ఆమెకి దక్కిన బహుమతి అదే.

లైసెన్సుకి లామినేషన్ చేయించి పెంచలకోన నరసింహస్వామి పటం పక్కన తగిలించారు. బంధువులు చేపల పులుసు తిని చేతులు కడుక్కుని పోయిన మర్నాడు, ఆమె ఎప్పట్లాగే పనికి తయారై పాత చొక్కా చీర మీద తొడుక్కుంటుంటే అతను ఆపాడు.

"ఇంక నువ్వు రాబాకే. లైసెన్సు ఉండే ప్లంబరు పెళ్లాం గోతుల్లో దిగి మట్టి పూసుకుంటా ఉంటే జనం ఏమనుకుంటారు? నాకు నామర్దా. ఇంట్లో సుఖంగా ఉండు."

సుఖమట! అత్త కాళ్లకి తైలం, గేదెకి కుడితి, అంట్లు, బట్టలు, ఆరుబయట ఆరబెట్టిన వడియాలకి కాపలా. ఇవన్నీ పనికి పోకముందూ వచ్చాకా ఆమె చేస్తున్నవే. ఇప్పుడు వాటికి సుఖమని పేరు పెట్టాడు. ఆ సుఖంలోంచి కూడా అప్పుడప్పుడు పిలుపొచ్చేది. "ఆ ఇంట్లో ఆడోళ్లే ఉండారు, ఈ ఒక్క ఇంటికి రా." ఒకరోజు కాలనీలో అతను వేసిన అతుకు ఊడి గోడంతా తడిసింది. ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టి, "నువ్వు పట్టుకుని పట్టుకుని నాకు అలవాటు చెడగొట్టినావు" అన్నాడు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. కోపంతో కాదు, చేతులకి పని లేక. తన చేతులు ఇంత బరువని ఆమెకి అంతవరకూ తెలీదు. ఇవి తనవి, వీటికి తెలిసింది తనది. దాన్ని అతని పేరు మీద మేకుకి తగిలించి, పని లేదు పొమ్మంటే ఎక్కడికి పోవాలి?

ఇంకో విడత పరీక్ష ఉందని తెలిసింది. సుభాషిణి పదో తరగతి పాసైంది, అది చాలు. కానీ పని తెలుసని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. లైసెన్సు ఉన్న ప్లంబరన్నా పెట్టాలి, లేదా పని చేయించుకున్న కొళాయి హక్కుదారన్నా పెట్టాలి. ఆమె మొగుడి దగ్గరికే పోయింది.

"నేను నీ కింద పనిచేసినానని ఒక్క సంతకం పెట్టు మావా."

అతను మొదట నవ్వాడు. నవ్వు ఆగాక, "ఒకింట్లో రెండు లైసెన్సులెందుకే? ఒక ఫ్యానుకి రెండు స్విచ్చిలు పెడతామా?" అన్నాడు.

"పని చేసినాను కదా, ఆ మాటే రాయమంటున్నా."

"పెళ్లాం చేసేదాన్ని పనంటారా ఎవరన్నా? సంసారమంటారు."

వెంకటశేషమ్మ తమలపాకుకి సున్నం రాస్తూ, "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవమ్మా" అంది. సుభాషిణికి ఒళ్లు మండింది. కత్తి ఎవరో, ఒర ఎవరో ఇన్నేళ్లూ ఎవరన్నా అడిగారా? అడగలేదు. ఆమె చెప్పులేసుకుని బయటికొచ్చింది.

తను పనిచేసిన ఇళ్లన్నీ తిరిగింది. అందరూ కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు. "అయ్యో, నువ్వు చేసిన పనే కదక్కా, నేను కళ్లారా చూసినా" అంది కాలనీలో ప్రత్యూష. కాగితం చూశాక మొహం చిన్నబోయింది. "కొళాయి మా మామగారి పేరున ఉండాది." పక్కింట్లో మొగుడి పేరున, ఎదురింట్లో చనిపోయిన తాత పేరున. పొద్దున లేస్తే ఆ కొళాయిల కింద కూర్చునేది, బిందెలు నింపేది, తోమేది, ఉతికేది ఆడవాళ్లు. ఒక్కదాని పేరున కొళాయి లేదు. సుభాషిణికి తన మీద జాలి పోయి, ఆ ఊరి మొత్తం మీద కోపం వచ్చింది.

సాయంత్రానికి చర్చి వీధిలో ఎలిశబెతు టీచరమ్మ ఇంటికి చేరింది. భర్త పోయిన మనిషి, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కట్టుకున్న ఇల్లు, కొళాయి ఆమె పేరుతోనే ఉంది. టీచరమ్మ కాగితం అంతా చదివి, కళ్లద్దాలు సర్దుకుని సంతకం పెట్టబోయి ఆగింది.

"ఇన్నేళ్లుగా వస్తున్నావు, నీ పేరేందమ్మా? నా ఫోన్లో 'ప్లంబరు భార్య' అని ఉంది."

"సుభాషిణి."

టీచరమ్మ సిగ్గుపడింది. ముందు ఫోను తీసి, ఆ పాత పేరు కొట్టేసి, కళ్లు చికిలించుకుని ఒక్కో అక్షరం వెతికి వెతికి 'సుభాషిణి, ప్లంబరు' అని రాసింది. తర్వాతే సంతకం పెట్టింది. సుభాషిణి ఆ వీధి చివరిదాకా ఏడుస్తూ నడిచింది. ఎవరన్నా చూస్తారని కొంగు అడ్డం పెట్టుకోలేదు కూడా.

నెల్లూరు పోయి పేరు నమోదు చేయించుకుని వచ్చిన రోజు మధ్యాహ్నం, పెంచలప్రసాద్ పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. వెంకటశేషమ్మ పక్కన విసురుతోంది. సుభాషిణి పులుసు వడ్డించి, సింకు దగ్గరికి పోయి, కింద గిన్నె తీసేసింది. రెంచితో కొళాయి విప్పి, పాత వాషరు తీసి, కొత్తది వేసి బిగించింది. బొట్టు ఆగింది. ఆ మొండితనంతో ఇంక ఆమెకి పని లేదు.

"గురువారం నా పరీక్ష" అంది చేతులు తుడుచుకుంటూ.

అతని ముద్ద సగంలో ఆగింది. "నేను సంతకం పెట్టందే పరీక్ష ఎట్టా?"

"కొళాయి తన పేరున ఉండే మనిషి ఒకామె పెట్టింది. నాకు ఒక హెల్పరు కావాల, మావా. అందిస్తే చాలు, పట్టుకుంటే చాలు. మాట్లాడకూడదు, అది నీకు తెలిసిందే. నువ్వు రాకుంటే టీచరమ్మ వస్తానంది. పొడుగు పైపు ఆమె మొయ్యలేదని ముందు నిన్నే రాయించినా."

వెంకటశేషమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. "ఓసి నీ తెలివి తెల్లారా! మొగుణ్ణి హెల్పరని రాయించినావా! వాడి పేరు ఆడ అందరికీ తెలుసు గదే, పరువేం గాను?"

సుభాషిణి అతని కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.

"పేరు రాయించలేదులే అత్తా. పేరెందుకు సార్, భర్త అని రాసుకోండి అన్నా."