చల్లారుతున్న బండ

"దానికేమైనా అయిందో, నేను బతకను. ముందే చెబుతున్నా," అంది తల్లి, మంచె నిచ్చెన ఎక్కుతూనే.

"ఇంకా ఏమీ కాలేదు కదమ్మా! నీ నోరు ఊరుకోదా?" విసుక్కున్నాడు కాపలా తాత.

అడవి గార్డులకు వంట చేసేది ఆమె. కూతురు అక్కడే గార్డు. ఉద్యోగం వచ్చిందని అందరూ సంబరపడ్డ రోజు కూడా తల్లి మూల కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు కలప దొంగలు వస్తున్నారని కబురు. మిగతా గార్డులు అవతలి దారి కాస్తుంటే, కూతురు ఒక్కతే ఎదుటి వాలులో పొంచి ఉంది.

తాత చేతిలో థర్మల్ దుర్భిణి. ఎంత చీకట్లోనైనా ఒంటి వేడిని తెల్లగా చూపిస్తుంది. తల్లి లాక్కుని కంటికి ఆనించింది. నల్లటి వాలు మధ్యలో ఒక పెద్ద తెల్లటి మచ్చ, అంతే.

"పిల్లేదీ? తాతా, పిల్ల లేదు!"

"అది బండ. పొద్దంతా ఎండకు కాగింది, మనిషంత వేడి మీదుంది. నీ పిల్ల దాన్ని కరుచుకుని అందులో కలిసిపోయింది. దొంగల దగ్గరా ఇలాంటి దుర్భిణి ఉంది మరి. నీకు పుట్టిందంటే నమ్మను, అంత గడుసుది."

తల్లికి కాస్త ఊపిరి ఆడింది. కాస్తే.

కిందనుంచి తెల్లటి బొమ్మల్లా మనుషులొచ్చారు. దుంగలు మోస్తున్నారు. ఒకడు మాత్రం కళ్లకేదో పెట్టుకుని చుట్టూ వెతుకుతున్నాడు. పని ఎంతకీ తెమలలేదు. చలిగాలి మొదలైంది. బండ తెలుపు తగ్గి బూడిద రంగుకు దిగింది. దాని అంచున ముందొక భుజం తేలింది, తర్వాత తల.

"బండ చల్లారిపోతోంది! వైర్‌లెస్ సెట్టులో చెప్పు, జరగమను!"

"చప్పుడవుతుందని సెట్టు ఆపేసుకుంది. జరిగినా కనబడిపోతుంది. చూస్తూ కూర్చోవడమే."

పిల్లకు జలుబు చేస్తేనే ముక్కు దగ్గర వేలు పెట్టి తెల్లవార్లూ కూర్చున్న మనిషి. తాత వద్దనేలోపే దిగిపోయింది. పొయ్యిలో నిప్పులు మూకుట్లోకి లాగి, పైకెత్తి పట్టుకుని బయలులోకి నడిచింది. ఇటు చూడండ్రా, నన్ను చూడండి.

చూశారు. తుపాకి పేలింది. కాళ్ల దగ్గర మట్టి లేచింది. నిప్పులు చెదిరి ఆమె బోర్లా పడింది.

"అమ్మా!"

కూతురి గొంతు. అంతసేపూ ఊపిరి బిగబట్టి దాక్కున్న పిల్ల, తల్లి పడగానే లేచి నిలబడి అరిచింది. వెంటనే రెండో పేలుడు. తర్వాత పరుగులు, దూరమవుతున్న బండి మోత. ఆపైన ఏమీ లేదు.

తాత దిగొచ్చి తల్లిని లేవదీసి చేతిలో సెట్టు పెట్టాడు.

"చిట్టీ... పలకవే."

గరగర.

"నీ కొంప నేనే ముంచానే తల్లీ. పోనీ నన్ను తిట్టు. నోరారా తిట్టు."

గరగర. తాత దుర్భిణి అందించబోతే మొహం తిప్పుకుంది. "వద్దు. ఆ తెలుపు తగ్గడం నేను చూడలేను."

కాలిన వేళ్లతో బటన్ నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. పేరు పిలిచి పిలిచి గొంతు పోయింది. చాలాసేపటికి సెట్టు దగ్గినట్టయింది.

"అరవకే... ఉన్నా. ఇప్పుడే సెట్టు వేశా. తూటా తొడలోంచి పోయింది. బెల్టు బిగించా. చలేస్తోందమ్మా, తొందరగా రండి."