లాలి శపించిన కల్లం

ఆదివారం ప్రార్థనలో పాస్టర్ హాతీరాం పాతకాలపు ప్రవక్త కథ ఒకటి చెప్పాడు. నలభై రోజుల్లో మీ పట్నం నాశనమైపోతుందని ఆయన వీధివీధినా చాటాడట. జనం గోనెపట్టలు కట్టుకుని ఏడ్చేసరికి దేవుడి మనసు కరిగిందట. ప్రవక్తేమో అలిగి, ఊరి బయట మూతి ముడుచుకుని కూర్చున్నాడట. తండా అంతా నవ్వింది. లాలి మాత్రం నవ్వలేదు. అన్న మాట తప్పితే ఇక దేవుడికీ మనకూ తేడా ఏముంది?

ఆమె కడుపుమంట ఆమెది. నిరుడు మరిది దేవ్లా హద్దురాయి పెకలించి, ఆమె చేలోకి రెండు బారలు జరిపి పాతాడు. మగడు పోయిన మనిషి, ఏం చేస్తుందిలే అనుకున్నాడు. ఆమె పదిమందిలో నిలబడి, "నీ మిర్చి కల్లంలనే మురుగుతది, సూస్కో" అంది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే మోకరించి దేవుడికి అదే గుర్తుచేస్తోంది.

మంగళవారం మధ్యాహ్నం అడవివైపు మబ్బు కమ్మింది. లాలి తన కాయను ముందురోజే బస్తాలకెత్తింది. దేవ్లా మిర్చి మాత్రం కల్లం నిండా ఆరబోసే ఉంది. తన ప్రార్థన ఫలించడం కళ్లారా చూద్దామని ఆమె చేలోకి బయల్దేరింది. గట్టు దగ్గర కాలు ఆగిపోయింది. హద్దురాయి పాతచోటుకే వచ్చింది. చుట్టూ మట్టి ఇంకా తడిగానే ఉంది.

"పొద్దుగాల జరిపిన, వదినా," అన్నాడు దేవ్లా వెనక నుంచి. చేతిలో చిరిగిన టార్పాలిన్ పరదా ఒక్కటే ఉంది. "ఆ కత ఇన్నకాడికెల్లి నిద్ర పడ్తలేదు. కల్లం పోతే పోనీ. నేను చేసిందే గద."

లాలికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ లేని బుద్ధి వీడికి ఇవాళే రావాలా? తొలి చినుకు చేతిమీద పడింది. ఊరి బయట అలిగి కూర్చున్న ప్రవక్త గుర్తొచ్చాడు. అలా కూర్చోక ఏం చేస్తాడు పాపం, ఆయన ఇంట్లో పరదాలు లేవు కాబోలు అనుకుంది. పరుగున ఇంటికి వెళ్లి, తనకున్న రెండూ ఎత్తుకొచ్చింది.

"ఏం జూస్తున్నవ్? ఆ కొస పట్టు."

కప్పడం అయ్యేసరికి వాన దంచికొట్టింది. గాలికి పరదా లేవకుండా ఒక అంచున లాలి, ఇంకో అంచున దేవ్లా కూర్చున్నారు. "తండ్రీ, నేనన్న మాట పట్టుకోకు," అని గొణిగింది లాలి. అవతల దేవ్లా భుజాలు అదురుతున్నాయి. ఆమెకు జాలేసింది.

"వానల ఏడిస్తే ఎవలికి కనవడ్తదిరా? ఇంటికొచ్చి ఏడువు, బువ్వ పెడ్త."