అరిగిపోయిన సెంటు

రత్తయ్య పాత అమెరికా సెంట్లు పోగుచేస్తున్నాడంటే చుట్టాలు మొదట పొలం సెంట్లనుకుని తెగ గౌరవించారు. రాగి బిళ్ళలని తెలిశాక, ముసలాడికి పిచ్చి ముదిరిందన్నారు. అననీ, వాళ్ళకేం తెలుసు! రెండు వందల ఏళ్ళనాటివి, ఏడాదికొకటి చొప్పున ఆల్బమ్‌లో పేర్చుకున్నాడు. ఒక్క 1799 గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ సూదులతో చేతులు తూట్లు పడుతున్నా, ఆ గడి నిండేదాకా పోకూడదని మొండిగా బతుకుతున్నాడు.

ఆ సెంటు ఈమధ్యే చేతికందింది. నల్లగా, అరిగిపోయి, అంకెలు వేలితో తడిమితే గాని తెలియకుండా ఉంది. అసలుదో నకిలీదో చెప్పగలిగినవాడు మంగళగిరిలో ఆమోసు మాస్టారొక్కరే. పక్కన పెట్టి పోల్చడానికి మెరిసే సెంటు ఇంకొకటి తీసుకుని, భార్య సుబ్బరత్నంతో కలిసి విజయవాడలో ప్యాసింజరెక్కాడు. సెంట్లు రెండూ ఉన్న సంచీ ఆవిడ ఒళ్ళో పెట్టి, నిన్నటి డయాలసిస్ నీరసానికి కళ్ళు మూసుకున్నాడు.

వంతెన చప్పుడుకి మెలకువొచ్చింది. సుబ్బరత్నం కిటికీలోంచి నదికి దణ్ణం పెడుతోంది.

“ఏం మొక్కావేంటి?”

“ఇంకేం మొక్కుతానండీ, మీ ఆరోగ్యమే. కృష్ణమ్మలో వేద్దామంటే పర్సులో చిల్లర లేదు. ఇప్పుడన్నీ ఫోన్‌తోనే కదా కట్టేది! అందుకని మీ సంచీలోంచి ఒకటి తీసి వేశా. రాగిదైతే ఇంకా మంచిదంటారు.”

రత్తయ్య గబుక్కున నిటారుగా కూర్చున్నాడు. “ఏది వేశావే?”

“కంగారుపడకండి. మెరిసేదాన్ని ముట్టుకోలేదు. అరిగిపోయిందే వేశా.”

ఆయన కిటికీ ఊచలు పట్టుకుని కిందకి చూశాడు. మోకాలి లోతు నీళ్ళలో ఎవరో తాళ్ళకి అయస్కాంతాలు కట్టి చిల్లర లాగుతున్నారు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. రాగి అయస్కాంతానికి అంటుకోదని గుర్తొచ్చి మళ్ళీ కూలబడిపోయాడు. ఊరందరి రూపాయలూ పైకొస్తాయి, తనది తప్ప. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

తిట్టడానికి నోరు తెరిచాడు. సుబ్బరత్నం మొహం చూసి ఆగిపోయాడు. జబ్బు చేసిన దగ్గర్నుంచి ఆ మొహంలో ఇంత నిశ్చింత చూడలేదు. నిజం చెబితే మొగుడి ప్రాణం తన చేత్తోనే నీళ్ళలో వేశానని జీవితాంతం కుమిలిపోతుంది.

“మాస్టారికి చూపించడానికి ఇదొక్కటీ చాలదూ?” అంది, మెరిసే సెంటు తీసి చూపిస్తూ.

“చాల్లే” అన్నాడు. కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. ఆవిడ నీరసమనుకుని మంచినీళ్ళ సీసా అందించింది.

మంగళగిరిలో బండి ఆగినా ఆయనకి లేవబుద్ధి కాలేదు. సుబ్బరత్నమే చెయ్యి పట్టి లేవదీసింది.

“కృష్ణమ్మకి చెప్పుకున్నాగా, ఇంక భయం లేదు. మీరు నూరేళ్ళు బతుకుతారు చూడండి.”

గడి నిండకుండానే పోతానేమోనని ఇన్నాళ్ళూ భయపడిన రత్తయ్యకి, ఆ ఖాళీ గడితో నూరేళ్ళు బతకాలంటే అంతకన్నా భయమేసింది.