గోడ మీంచి వచ్చిన సలహాలు

మా ఆయనకు పికప్ బండి మీద బెంగ పట్టుకుంది. మామూలు బెంగ కాదు, తిండి సయించని బెంగ. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల పాడైన ఫ్రిజ్‌లు మోసి మోసి ఒళ్లంతా సొట్టలు పడ్డ బండి అది. "పాపం, ఎలా అయిపోయిందో చూడు" అంటూ దాని తలుపు నిమురుతుంటే పక్కనే నిలబడి చూశాను. ఆ ఇంట్లో అంతకంటే ఎక్కువ కాలంగా చాకిరీ చేస్తున్న మనిషి ఇంకొకరున్నారు. ఆవిడ మోచేతులు ఎవరైనా నిమిరిన దాఖలాలు లేవు.

చివరికి నెట్‌లో వెతికి ఫైబర్ బాడీ తెప్పించారు. ముందు చక్రాల మీదికి రెండు, వెనక తొట్టి పక్కలకు రెండు, నాలుగు పెద్ద ముక్కలు. పాత రేకుల అంచులు కోసేసి వాటి మీద ఇవి బిగిస్తే చక్రాల దగ్గర బుగ్గలు పూరించినట్టు ఉబ్బెత్తుగా, మహా ఠీవిగా ఉంటుందట.

"ఎక్కడా సరిచేసే పనే లేదట. అలా పెట్టి ఇలా బిగించడమే" అన్నారు మురిసిపోతూ.

"మన పెళ్లిచూపులప్పుడు మీ గురించి కూడా ఇలాగే చెప్పారు" అన్నాను.

నా బాధ వేరు. ఇంటి వెనక గదిలో రెండు పెద్ద మెషీన్లు పెట్టుకుని నేను లాండ్రీ నడుపుతాను. ఇన్నాళ్లూ ఇరుగుపొరుగు చొక్కాలూ తువ్వాళ్లే. మొన్ననే ఒక క్లినిక్ వాళ్లు తమ దుప్పట్లన్నీ ఉతికే పని నాకివ్వడానికి ఒప్పుకున్నారు. సోమవారం పొద్దున్నే మొదటి విడత అందాలి. "మొదటి రోజే మంచాలు ఖాళీగా ఉంటే రెండో రోజు మీరు రానక్కర్లేదు" అని అక్కడి హెడ్‌నర్సు నవ్వుతూనే చెప్పింది. ఆ మూటలు స్కూటర్ మీద పట్టేవి కావు.

"ఆదివారానికి బండి వీధిలో ఉండాలి. లేకపోతే ఆ మూటలన్నీ మీ నెత్తికెత్తి పంపిస్తాను" అన్నాను.

"శనివారానికే తయారు. నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నారు. ఆయన నిశ్చింతగా ఉండమన్నప్పుడల్లా నాకు చింత మొదలవుతుంది.

ఇక్కడ మా గోడ సంగతి చెప్పాలి. ఒకే ఇంటికి రెండు వాటాలు, మధ్యలో గోడ. ఇవతల మేము, అవతల మా ఆయన అన్నయ్య, అంటే మా బావగారూ, నా తోటికోడలు అక్కా. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడు అన్నీ సవ్యంగానే తెగాయి, ఒక్క నిచ్చెన దగ్గర తప్ప. దాన్ని నిలువునా కోయలేరు కదా. మాటా మాటా పెరిగింది. బావగారు పంతం కొద్దీ, ఎన్నడూ తాపీ పట్టని చేత్తో తానే వీధిదాకా గోడ కట్టేశారు. చివర మా గేటు తగిలించుకోవడానికి ఇటుక స్తంభం కూడా దయచేయించారు. ఆనాటి నుంచీ అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. నేరుగా లేవు, అంతే. బావగారు ఆ నిచ్చెననే గోడకు ఆనించి, ఎక్కి కూర్చుని, కింద ఉన్న అక్కతో మాట్లాడతారు, వీధి చివరిదాకా వినపడేలా. మా ఆయన జవాబు నాతో చెబుతారు, అంతే గట్టిగా. అక్కా నేనూ కూరగాయల కొట్టు దగ్గర కలుసుకుని చెవులకు కాస్త విశ్రాంతి ఇచ్చుకుంటాం.

అసలు విడ్డూరం ఏమిటంటే, బావగారు ఫైబర్ నీళ్లట్యాంకులు తయారుచేసే కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. ఫైబర్ గురించి ఆయనకు తెలియనిది లేదు. ఇంకెవరైనా అయితే అలాంటి అన్నయ్య గోడ పక్కనే ఉన్నందుకు దణ్ణం పెట్టుకుంటారు.

మా ఆయన ముక్కలు బయటికి తీసి రంగు డబ్బా తెరిచారో లేదో, గోడ మీంచి గొంతు లేచింది.

"ఏమే, విన్నావా! ఫైబర్ ముక్క అచ్చులోంచి వచ్చింది వచ్చినట్టు ఏ బండికీ అతకదు. ముందు పెట్టి చూసుకోవాలి, అరగదీసుకోవాలి. రంగు ఆఖర్న. బుర్రున్నవాడెవడూ ముందే రంగెయ్యడు."

"నాకెందుకండీ ఇవన్నీ? నేనేమైనా రంగేస్తున్నానా?" అంది అక్క కింద నుంచి.

మా ఆయన నా వైపు తిరిగారు. "కొందరికి సొంత పని లేకపోతే ఇంతే" అని, అప్పటికప్పుడు నాలుగు ముక్కలకూ ఎర్ర రంగు కొట్టేశారు. మర్నాడు పెట్టి చూస్తే ఎడమ ముక్కకీ హెడ్‌లైటుకీ మధ్య వేలు దూరేంత సందు. కుడి ముక్క తగిలి డ్రైవర్ తలుపే తెరుచుకోలేదు. గ్రైండర్ పట్టి కోశారు. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఆ ఫైబర్ పొడి గాల్లోకి లేచి, నేను ఆరేసిన క్లినిక్ దుప్పట్ల మీద తీరిగ్గా వాలింది. ఒక్కటి ముట్టుకున్నాను, మోచేతిదాకా దురద.

"వాళ్ల రోగాలు చాలవని దురద మనం సరఫరా చేద్దామా?" అని అరిచి, దుప్పట్లన్నీ మళ్లీ మెషీన్లో వేశాను.

తర్వాత బిగించే రోజు వచ్చింది.

"ఏమే! బోల్టులు పెట్టుకుంటే రేపు విప్పుకోవచ్చు. గమ్ముతో అతికిస్తే మాత్రం అంతే సంగతులు. చచ్చినా ఊడదు."

అప్పటికి మా ఆయన చేతిలో ఉన్నవి బోల్టులే. వాటిని డబ్బాలో పోసి, మూత పెట్టి, బజారుకు వెళ్లి గమ్ము ట్యూబులు తెచ్చారు. అతికించి, అతుకులన్నిటి మీదా లప్పం పెట్టి, మళ్లీ రంగేసి, "ఇది కదా పనితనం!" అని తన భుజం తానే తట్టుకున్నారు. అన్నయ్య ఎడ్డెమంటే ఈయన తెడ్డెం. పుట్టినప్పుడు అన్నయ్య ఏడవద్దన్నారేమో, అందుకే ఈయన కెవ్వుమని ఉంటారు.

శనివారం సాయంత్రం అన్నిటికంటే పెద్ద ఘనకార్యం జరిగింది. మా ఆయన టేపు పట్టుకుని తనంతట తానే గేటు వైపు నడుస్తున్నారు. నా కళ్లారా చూశాను. సరిగ్గా అప్పుడే, "ఏమే! బండి అటు జానెడు, ఇటు జానెడు లావెక్కింది. గేటు కొలిచి చూసుకోమను" అని వినపడింది. మా ఆయన ఆగారు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"ఇన్నేళ్లుగా ఈ గేట్లోంచే పోతున్న బండికి ఇప్పుడు కొత్తగా కొలతలేంటి?" అన్నారు నాతో.

"ఆ టేపు ఇలా ఇవ్వండి, నేను కొలుస్తాను."

"ఓహో, నువ్వూ ఆ పార్టీయేనా?"

లోపల మెషీన్ ఆగిపోయి మొత్తుకుంటోంది. ఖర్మరా బాబూ అనుకుంటూ వెళ్లిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం బండి స్టార్ట్ చేసి, పెళ్లికొడుకులా కూర్చుని, గేటు దాకా నడిపారు. కుడి బుగ్గ స్తంభానికి కరకరమని రాసుకుంది. ఎడమ బుగ్గకూ మా ఇంటి గోడకూ మధ్య కాగితం దూరేంత చోటే మిగిలింది. గేటు ఊడదీసి పక్కన పెట్టి మళ్లీ ప్రయత్నించారు. ఇంకా బెత్తెడు తక్కువ. దిగి, తొట్టి మీంచి ఎక్కి అటు దూకి, బండి చుట్టూ తిరిగి చూశారు. తిరిగితే సన్నబడుతుందని కాబోలు.

ఇక రెండే దారులు. ఒకటి, బుగ్గలు కోసెయ్యడం. రెండు, స్తంభం పడగొట్టడం. స్తంభం బావగారిది. మా ఆయన గ్రైండర్ తీసుకుని ఎర్రటి ముక్క దగ్గర కూర్చున్నారు. స్విచ్ నొక్కలేదు. దాని మీద అరచెయ్యి పెట్టి అలా చూస్తూ ఉండిపోయారు. ఇన్ని మాటలన్నానా, ఆ మొహం చూస్తే నాకే గుండె తరుక్కుపోయింది.

"మీ అన్నయ్యను ఒక్క మాట అడగండి" అన్నాను.

"నా ప్రాణం పోయినా అడగను."

ప్రాణం సంగతి సరే, పోయేది నా క్లినిక్. చిరుబుర్రులాడుతూ వీధి గుమ్మంలోంచి బయటపడి, చుట్టూ తిరిగి బావగారి వాటాలోకి వెళ్లాను. ఆయన నిచ్చెన మీదే ఉన్నారు.

"బావగారూ, మీరు చెప్పిన ప్రతిదాన్నీ ఆయన తలకిందులు చేస్తారని మీకు తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"మరెందుకు చెప్పారు?"

"అదేంటమ్మా! నేను చెప్పినవాటిలో ఒక్కటైనా తప్పుందా?"

"లేదు. అదే మా కొంప ముంచింది. ఈ ఒక్కసారికీ తప్పు చెప్పండి. స్తంభం ముట్టుకోవద్దనండి."

బావగారి మొహం చిన్నబోయింది. "తెలిసి తెలిసి వాడికి తప్పు ఎలా చెప్పనమ్మా? నాకు అబద్ధం నోట్లోంచి రాదు."

"మా పుట్టింటివాళ్ల గురించైతే ధారాళంగా వస్తుందిగా" అంది అక్క.

బావగారు గొంతు సవరించుకున్నారు. "ఏమే! ఆ స్తంభం మీద గీత పడినా నేనూరుకోను! బుద్ధున్నవాడైతే ఫైబరే కోసుకుంటాడు!" ఆ చివరి మాట అంటుంటే ఆయన కళ్లు మూసుకున్నారు. నేను మా వాటాలోకి తిరిగొచ్చేసరికి మా ఆయన గ్రైండర్ అవతల పారేసి, సమ్మెటా గునపం పట్టుకుని స్తంభం ముందు నిలబడి ఉన్నారు. మొహంలో ఎంత కళో!

"చూస్తాను, ఎలా ఊరుకోడో!" అని మొదటి దెబ్బ వేశారు. మొదలు దగ్గర.

గోడ మీద బావగారు ఉలిక్కిపడ్డారు. "ఏమే! పైనుంచి ఒక్కో ఇటుకా తియ్యమను! కింద కొడితే మీద పడుతుంది! ముందు బండి వెనక్కి జరపమను!"

పాత అలవాటు, నిజం చెప్పేశారు. మా ఆయన నవ్వి, ఇంకా కిందికి వంగి, గునపం మొదట్లో దించారు. స్తంభం కదిలింది. "ఏమండీ, ఆపండి!" అని అరుస్తూ పరుగెత్తాను. సమ్మెట చప్పుడులో నా మాట ఎవరు వింటారు?

"ఏమే..." అని మొదలుపెట్టిన బావగారు ఆగిపోయారు. ఆయనకు ఏం చెప్పాలో తెలియలేదు. కొట్టమంటే ఆగుతాడో ఏమో. అంత ఆలోచించే వ్యవధి లేదు. నిచ్చెన మీంచి గోడ ఎక్కి, మా వైపు దూకేశారు, అరవై దాటిన మనిషి.

"ఒరేయ్ చిన్నోడా! జరుగు!"

ఆ పిలుపు వినగానే మా ఆయన పక్కకు దూకారు. ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న లేదు. చిన్నపిల్లాడిలా దూకేశారు. స్తంభం నిలువునా వచ్చి ఆయన అప్పటిదాకా నిలబడ్డ చోటు మీదుగా ఎర్ర బుగ్గ మీద పడింది. ఫైబర్ పటపటా విరిగి, ముందు చక్రం పూర్తిగా బయటపడింది.

దుమ్ము తగ్గాక చూస్తే బావగారు నేల మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన చొక్కా రెండు చేతులతో గుప్పిట పట్టుకుని ఉన్నారు.

"తగిలిందా? ఎక్కడైనా తగిలిందారా?"

"లేదన్నయ్యా."

తగల్లేదని తేలగానే బావగారు ఆయన వీపు మీద ఒక్కటి చరిచారు. నేను వద్దనలేదు. ఇన్నాళ్లుగా ఆ చోట చరవాలని నాకూ ఉంది. కానీ ఎందుకో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

మా ఆయన విరిగిన ముక్కలకేసి చూసి, "ఇప్పుడేం చేద్దాం అన్నయ్యా?" అన్నారు.

అన్నిటికీ సలహా ఉండే మనిషి ఆ ఒక్క ప్రశ్నకు నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, "తెలీదురా" అన్నారు. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని, స్తంభం అంత సులువుగా పడిందంటే కట్టడంలో లోపమా, కొట్టడంలో బలమా అని నేరుగా, ముఖాముఖి, చీకటి పడేదాకా పోట్లాడుకున్నారు. నేను వాళ్లను దాటుకుంటూ మూటలు ఎక్కించాను.

సోమవారం పొద్దున్నే మంచాలన్నిటి మీదా దుప్పట్లు పడ్డాయి. మూడు పక్కల ఎర్రగా ఉబ్బి, నాలుగో పక్క చక్రం బయటపెట్టుకుని నిలబడ్డ బండిని హెడ్‌నర్సు గుమ్మంలోంచి చూసింది.

"అయ్యో, యాక్సిడెంటా?" అంది.

"కాదండీ. మా ఆయనా, వాళ్ల అన్నయ్యా మాట్లాడుకున్నారు" అన్నాను.