వించ్‌కు శ్రుతి కలిసిన ఉదయం

రాజగోపాల్ మళ్ళీ బటన్ నొక్కాడు. ఏటీవీ అనే నాలుగు చక్రాల బండి ముందు బిగించిన, మంచు తోసే ఇనుపపలక జానెడు లేచి, మూలిగి, ఆగిపోయింది. ఇంకోసారి నొక్కితే టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. పలకను తాడుతో పైకి లాగే వించ్, దానితోపాటు బండి, రెండూ మొండికేశాయి. బ్యాటరీ డౌన్.

సస్కటూన్ నగరం దాటి, పొలాల నడుమ ఈ ఇల్లు కొన్నప్పుడు స్నేహితులు నవ్వారు, అంత దూరం ఎవరొస్తారని. ఈరోజు వస్తున్నారు, అతని భార్య మృదుల పద్యాలు పాడుతుందని. తండ్రి నాటక సమాజంలో హార్మోనియం పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అది. పెళ్ళయ్యాక వంటింటి గోడలకు తప్ప వినిపించలేదు. ఎవరడిగినా "ఇంకోసారి లెండి" అనేది. ఈసారి తానే అందరినీ పిలిచింది. రాత్రంతా మంచు కురిసి, ఇంటికీ పెద్దరోడ్డుకూ మధ్య దారిని మోకాటి లోతున ముంచేసింది.

జేబులో ఫోన్ మోగింది. స్నేహితుడు చక్రధర్. స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నా, తొవ్వ ఎట్లుంది? రమ్మంటవా? లేకుంటే ప్రోగ్రాం మా బేస్‌మెంట్ల పెట్టేద్దాం. వదినని తీసుకొనిరా."

ఆ మాట మృదులకూ వినిపించింది. పట్టుచీర మీద భర్త పాత చలికోటు తొడుక్కుని, జంపర్ కేబుళ్ళు భుజాన వేసుకుని వస్తోంది.

"బేస్‌మెంట్ అయితే నేను పాడనని చెప్పండి! నాకు వచ్చిన కాస్త ధైర్యం ఈ ఇంట్లోనే ఉంది. కారెక్కిస్తే దారిలోనే చల్లారిపోతుంది."

"వదినా, మేం ఆల్రెడీ స్టార్ట్ అయినం. దారి తెరిస్తే లోపలికొస్తం. లేకుంటే నిన్ను ఎత్తుకపోతం!"

ఫోన్ పెట్టేశాక ఆమె బండి చుట్టూ తిరిగి చూసింది. "ఏం చేశారండీ దీన్ని?"

"ఏం చేస్తాను? మంచు తోశాను. బండి ఆపాను. పలక ఎత్తాను. మళ్ళీ స్టార్ట్ చేశాను."

"ఆపి ఎత్తారా? ప్రతిసారీ?"

"నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగితే పెట్రోలు దండగ కదా."

హైదరాబాదు సిగ్నళ్ళ దగ్గర, ఎర్రదీపం పడగానే స్కూటర్ ఆపి ఆపి వంటబట్టిన అలవాటు అది. విత్తనాల కంపెనీలో ఉద్యోగానికి ఈ దేశం వచ్చినా ఆ నియమం తప్పలేదు. దాన్ని తన చిన్న తపస్సుగా భావించేవాడు.

మృదుల నవ్వింది. ఎంత నవ్విందంటే, పట్టుచీరతో సహా మంచులో కూలబడింది.

"మహానుభావా! తిత్తి కొట్టకుండా హార్మోనియం ఎవరైనా వాయిస్తారా? లోపలున్న గాలి ఉన్నంతసేపూ కుయ్యిమంటుంది. తర్వాత మూగనోమే."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"తాడు చుట్టాలంటే ఆ మోటారు బోలెడు కరెంటు తాగుతుంది. ఇంజన్ జోరుగా తిరిగితేనేగా బ్యాటరీకి మళ్ళీ కరెంటు పోసేది? ఈ చలికి అది అసలే సగం చచ్చి ఉంది. ఒక చేత్తో తిత్తి, ఇంకో చేత్తో మెట్లు. రెండూ ఒకేసారి! అయినా పలకను సెల్యూట్ కొట్టినట్టు అంతెత్తు ఎందుకు లేపడం? బెత్తెడు చాలదూ?"

రాజగోపాల్ ఆమె భుజం మీది కేబుళ్ళు అందుకున్నాడు. ఆపి దాచుకోవడమే వివేకమని ఇన్నాళ్ళూ నమ్మాడు. పెట్రోలైనా, మాటైనా, మెప్పయినా. ఆమె కూనిరాగాన్ని తలుపు వెనక నిలబడి విన్న ఉదయాలు ఎన్నో. 'బాగుంది' అన్న మాటను ఎవరికోసం దాచినట్టు?

కారు బ్యాటరీకి కేబుళ్ళు తగిలించి, బండెక్కి తాళం తిప్పాడు. ఏటీవీ దగ్గి, తుమ్మి, లేచింది.

"దిగండి. మీ చెయ్యి ఊరుకోదు, ఆపేస్తుంది. నేను తోలతాను."

ఆమె ఎక్కింది. మంచును తోసి, న్యూట్రల్‌లో పెట్టి, కుడి బొటనవేలితో గ్యాస్ మీట నొక్కి ఇంజన్ జోరు పెంచి, ఎడమ బొటనవేలితో బటన్ నొక్కింది. ఇంజన్ గుర్రుమంది. పలక హాయిగా బెత్తెడు లేచింది. వెనక్కి వచ్చి, దించి, మళ్ళీ తోసింది. గ్యాస్ ఎంతసేపు పట్టాలో తెలియడానికి చిన్న రాగం తీయసాగింది. రాగం సాగినంతసేపూ ఇంజన్ హోరు, ఆగగానే పలక నిలుపు. పార పట్టుకుని వెనక నడుస్తున్న రాజగోపాల్‌కు నవ్వాగలేదు. రాగం పెరిగింది. దానికి మాటలు కూడా మొలిచాయి, అప్పటికప్పుడు అల్లినవి:

"వచ్చెదమన్నవారలకు వాకిలి మూసితివేమి చెప్పుమా!"

మలుపు దగ్గర, పెద్దరోడ్డు మీంచి తోసిపోసిన మంచు గుట్టపడి ఉంది. ఆమె హెచ్చుస్థాయిలో ఒక రాగం అందుకుని దాన్ని ఢీకొట్టింది. గుట్ట విరిగి అవతలికి కూలింది, సరిగ్గా చక్రధర్ బూట్ల మీద. అతని వెనక వరసగా కార్లు. కార్లలోంచి దిగి, నోళ్ళు తెరిచి వింటున్న జనం.

రాగం తెగింది. మృదుల ముఖం ఎర్రబడింది. ఆమె చెయ్యి తాళంచెవి మీదికి పోవడం రాజగోపాల్ చూశాడు.

"ఆపకు మృదులా!" అని అరిచాడు. ఆ గొంతు తనదేనని నమ్మలేకపోయాడు. "వన్స్ మోర్!"

"వన్స్ మోర్!" చక్రధర్ బూట్లు దులుపుకుంటూ అందుకున్నాడు. ఆ తర్వాత అందరూ.

ఆమె చెయ్యి వెనక్కి వచ్చింది. "ఏం వన్స్ మోర్? తోయడానికి మంచేదీ?"

రాజగోపాల్ పారతో గట్టుమీది మంచును ఎత్తి, తళతళలాడే దారి నడిమధ్యన బోర్లించాడు.

"అన్నకు పిచ్చి లేచింది రో!" అంటూనే చక్రధర్ వంగి రెండు దోసిళ్ళ మంచు తెచ్చి పోశాడు.

మృదుల గ్యాస్ పెంచింది.