వదినకి నవ్వొస్తే

మా వదిన నవ్వదు. అచ్చుప్రెస్సులో ఆమెకి మూతిముడుపమ్మ అని పేరు పెట్టింది నేనే. బైండింగులో ఇద్దరం పక్కపక్కనే పని చేస్తాం, ఒకే ఇంట్లో ఉంటాం. నా జోకులకి సెక్షనంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఈవిడ మాత్రం తల వంచుకుని కాగితాలు సర్దుకునేది. నాకు ఒళ్ళు మండేది.

కారణం పోయిన నెల తెలిసింది. ఇంట్లో టీవీ చూస్తూ వదిన ఒక్కసారి పకపకా నవ్వింది. అంతే, దవడ జారింది, మోకాళ్ళు మడతపడ్డాయి, ఉన్నచోటే కుప్పకూలింది. అన్నయ్య కంగారు పడలేదు. ఆమె తల కింద దిండు పెట్టి నాకు చెప్పాడు.

"నిద్ర జబ్బురా. మనకైతే ముందు కునుకు పడుతుంది, తర్వాత గాఢ నిద్ర, గంటన్నర పోయాక కలలు. ఆ కలల్లో లేచి పరిగెత్తకుండా ఒళ్ళు దానంతటదే చచ్చుబడుతుందట. మీ వదినకి అది మెలకువలోనే వచ్చేస్తుంది, నవ్వితే చాలు. రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది. రోజూ మందు వేసుకుంటుంది, అయినా పూర్తిగా పోదు. అన్నీ వినబడతాయి, మాట మాత్రం పెగలదు. ఎవరితోనూ అనకు, ఉద్యోగం పోతుంది."

నేను తలూపాను.

ఆ వారమే ముసలి ఇన్‌ఛార్జి మానేశాడు. కుర్చీ వదినకేనని అందరికీ తెలిసిపోయింది. పనిలో ఆమెకి వంక పెట్టలేం, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కుర్చీ దక్కితే ఆమెకి కటింగ్ మెషిను దగ్గర నిలబడే పని తప్పుతుంది. ఆ కత్తి పక్కన ఎప్పుడు పడిపోతానోనని రోజూ బిక్కుబిక్కుమంటూ పని చేస్తోందని నాకిప్పుడు తెలుసు. తెలిస్తే మాత్రం? పదకొండేళ్ళు నేను చాకిరీ చేసిన చోట మా వదిన నాకు పని చెప్పడమా?

సోమవారం పొద్దున ఓనరు ఆ కబురు చెప్పడానికి వదిన బల్ల దగ్గరికి వచ్చాడు. నేను ఆయన వెనక చేరాను. ఆయనకి ఎప్పుడూ తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతుంది. అదే చేసి చూపించాను. ముక్కు ఎగరేశాను, నోరు తెరిచాను, కళ్ళు మూశాను, చివరికి చప్పబడిపోయాను. వదిన పెదవి కొరుక్కుంది. చూపు గోడకేసి తిప్పుకుంది. కానీ ఎంతసేపని తిప్పుకుంటుంది? మళ్ళీ ఇటు చూసింది, నేను మళ్ళీ చేశాను. పడిపోయింది.

"ఏమైందయ్యా?" ఓనరు అదిరిపడ్డాడు.

"కంగారేం లేదు సార్. మత్తు మాత్రలు మింగుతుంది. ఇంట్లో ఎవరి మాటా వినదు. పరువు పోతుందని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాం."

వదిన వింటోందని నాకు తెలుసు. రెప్పలు టపటపలాడుతున్నాయి, కంటి చివర నీళ్ళు కూడా వచ్చాయి. దాచడమెందుకు, నాకు సంతోషంగానే అనిపించింది.

ఒళ్ళు స్వాధీనంలోకి రాగానే బల్ల పట్టుకుని లేచింది.

"అబద్ధం సార్! నాది జబ్బు. మత్తు మాత్రలు కాదు."

"నువ్వు ఒళ్ళు తెలీకుండా పడున్నావు. అతనేమన్నాడో నీకెలా తెలుసు?"

వదిన నా మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది.

ఓనరు మొహం మాడిపోయింది. "అంటే తెలివిలోనే ఉన్నావన్నమాట. నా ముందే నాటకాలా? రేపట్నించి రావద్దు."

నేనింక నోరు విప్పాల్సిన పనే లేకపోయింది.

సాయంత్రం వదిన ఉద్యోగం పోయిందని వినగానే అన్నయ్య నన్ను నిలదీశాడు. "పక్కనే ఉన్నావు కదరా, జబ్బని ఆయనకి నువ్వైనా చెప్పలేకపోయావా?"

"ఇతనే..." అంటూ వదిన ముందుకొచ్చింది. మొహం ఎర్రబడింది. రెండో మాట రాకముందే దవడ జారింది. నవ్వుకే కాదు, కోపానికీ ఆ జబ్బు వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అన్నయ్య ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను పక్కన చతికిలబడి గొంతు తగ్గించాను. "మందు మానేసింది అన్నయ్యా. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. సార్‌ని ఎంత బతిమాలినా వినలేదు. పైగా వదిన నా మీదే నేరం మోపింది."

వదిన కదిలి లేచి కూర్చోగానే అన్నయ్య అడిగాడు.

"మందెందుకు మానేశావే?"

వదినకి మళ్ళీ కోపం వచ్చింది.