నుదుట బొట్టున్న మాస్కు

నేను ఒక కత్తిసాము మాస్కుని. పిల్లలు ఫెన్సింగ్ ఆడేటప్పుడు ముఖానికి తగిలించుకునే ఇనుప జాలీని. కోచ్ పైడిరాజు మాస్టారు నన్ను ‘రక్షణ కవచం’ అంటారు. మా తన్మయి వాళ్ళమ్మ సూర్యకుమారి మాత్రం ‘ఆ జల్లెడ’ అంటుంది. నేను రెండింటికీ పలుకుతాను.

పుట్టింది మీరట్‌లో, ఒక రేకుల షెడ్డులో. తీగెలు అల్లి, గడ్డం కింద తెల్లగుడ్డ కుట్టి, ఒకాయన నా మొహం మీద గట్టిగా గుద్ది ‘పాస్’ అన్నాడు. తునికి వచ్చాక నా మొదటి యజమాని ఒక డాక్టరు గారబ్బాయి. రెండు రోజులు నన్ను పెట్టుకుని ఫోటోలు దిగాడు. మూడో రోజు ఎదుటివాడి కత్తి పొట్టకు తగలగానే వెళ్ళి క్రికెట్‌లో చేరాడు. తర్వాత వాళ్ళ వాచ్‌మన్ నన్ను తొడుక్కుని తేనెపట్టు కొట్టాడు. ఆ తేనెటీగలు అన్న మాటలు నేను ఎక్కడా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. చివరికి మాస్టారు నన్ను అడిగి తెచ్చుకుని, పదేళ్ళ తన్మయి తలకు తగిలించారు.

తన్మయి అప్పట్లో ఏ తప్పూ ఒప్పుకునే రకం కాదు. గ్లాసు పగిలితే పిల్లి, పుస్తకం చిరిగితే ఫ్యాను. మాస్టారి దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. మా హాల్లో దెబ్బ పడితే లైటు వెలిగే మిషన్లేవీ లేవు. కత్తి ఎవరికి తగిలితే వాళ్ళే ఎడమ చెయ్యి ఎత్తి ‘తగిలింది’ అనాలి.

“కత్తి పట్టడం నెల్లో వచ్చేస్తాదమ్మా. చెయ్యెత్తడానికే ఏడాది పడతాది” అనేవారు మాస్టారు.

మొదటి నెలంతా తన్మయి నా లోపల పళ్ళు కొరికింది. ఆరో నెలకి చెయ్యి దానంతటదే లేచేది. చిక్కేమిటంటే, అది ఇంట్లో కూడా లేవడం మొదలుపెట్టింది. భోజనాల మధ్య ఎడమ చెయ్యెత్తి, “అమ్మా, పిన్ని తెచ్చిన కాజాలు తిన్నది నేనే” అనేది. మర్నాడు ఇంకోటి. పాత నేరాలన్నీ వరసగా బయటపడ్డాయి. పిల్లికి ఇంట్లో పరువు తిరిగొచ్చింది.

“పిల్లకి ఆట నేర్పుతున్నారా, పోలీస్ స్టేషన్లో స్టేట్‌మెంట్లివ్వడం నేర్పుతున్నారా?” అని సూర్యకుమారి మాస్టారి మీద విరుచుకుపడింది. ఆవిడ దృష్టిలో కత్తిసాము వల్ల ఇంటికి జరిగిన లాభం ఒక్కటే. ఊరమిరపకాయలు వేయించేటప్పుడు నూనె మొహాన చిట్లకుండా నన్ను పెట్టుకునేది.

అయినా దసరాకి కుట్టుమిషను, స్కూటీల పక్కన నన్నూ కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. చెమటకి అది చెరిగిపోతే, తన ఫ్యాన్సీ కొట్లోంచి ఎర్ర నెయిల్ పాలిష్ తెచ్చి రూపాయి బిళ్ళంత బొట్టు దిద్దింది. “అందరూ తెల్లబట్టల్లో ఒకేలా ఉంటారు. నా పిల్ల ఏదో నాకు తెలియొద్దూ?” అంది.

జిల్లా పోటీలు వచ్చాయి. ముందు రోజే సూర్యకుమారి తీర్పు వెలువడింది: “మొదటి ఆట గెలిస్తే సరే. ఓడితే కత్తి బంద్, సోమవారం నుంచి అబాకస్ లెక్కల క్లాసు.” ఆ రాత్రి తన్మయి నన్ను పక్కలో పెట్టుకుని పడుకుంది. నాకు ఏడుపొచ్చింది కానీ, జాలీకి కన్నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి!

పోటీ ఒక కాలేజీ హాల్లో. ఎదుటి పిల్ల ధాత్రి, పిఠాపురం నుంచి ఒక్కతే వచ్చింది. దాని మాస్కు పనికిరాదని తనిఖీలో పక్కన పెట్టేశారు. మాస్టారి దగ్గర ఇంకొకటి ఉంది కానీ పెద్దది. ధాత్రి వారం క్రితమే తిరుపతిలో గుండు చేయించుకుంది, ఆ పెద్ద మాస్కు దాని తల మీద గిర్రున తిరిగింది. “నాకు జుట్టుంది కదా, నేను పెద్దది పెట్టుకుంటా” అని తన్మయి నన్ను తీసి ధాత్రికి ఇచ్చేసింది. తన జడ జాకెట్టు లోపలికి దోపుకుంది.

గ్యాలరీలో ఉన్న సూర్యకుమారికి ఇదేమీ తెలియదు. ఆవిడకి కనబడింది బొట్టు.

“కొట్టవే నా తల్లీ! వదలకే!” ఆవిడ గొంతుకు మైకు అక్కర్లేదు. ఎవరూ తోడు రాని ధాత్రి నా లోపల ముందు బెదిరింది, తర్వాత పొంగిపోయింది, తర్వాత పులై దూకింది. తన్మయికి విషయం అర్థమైంది. ఆట మధ్యలో ఏం చెబుతుంది? సొంత తల్లి కేకలు ఎదుటి పిల్ల కోసం వినబడుతుంటే పంటి బిగువున పోరాడింది.

నాలుగు నాలుగు. ఇక ఒక్క దెబ్బే మిగిలింది. ధాత్రి దూకింది, తన్మయి పక్కకు వంగింది. రిఫరీ తల అడ్డంగా ఊపి, “తగల్లేదు” అన్నాడు.

తన్మయి ఎడమ చెయ్యి లేచింది. “తగిలింది సార్. డొక్కలో.”

హాలంతా చప్పట్లు. ధాత్రి గెలిచింది. సూర్యకుమారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు, అయినా పక్కావిడతో అంది: “నా పిల్ల గెలిచిందనుకోండి, ఆ ఓడిన పిల్లని చూశారా? ఏం పెంపకమండీ! ఆ తల్లెవరో గానీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి.”

తర్వాత పరుగున కిందికొచ్చి, ధాత్రిని వాటేసుకుని, నన్ను ఊడబెరికింది.

“అయ్యో! నా పిల్ల జుట్టేది?”

అవతలి కొసన పెద్ద మాస్కు తీసి తన్మయి నిలబడి ఉంది. “అమ్మా, ఓడిపోయాను. సోమవారం అబాకస్‌కి వెళ్తాను.”

సూర్యకుమారి నా బొట్టు వంకా, తన్మయి మొహం వంకా మార్చి మార్చి చూసింది. వెనకాలే దిగొచ్చిన పక్కావిడ ఊరుకుందా? “ఆ తల్లి మీరేనా అండీ?” అని అడిగింది.

ఒక చేతిలో నేను, ఇంకో చేత్తో ధాత్రి భుజం. ఆవిడ ధాత్రిని మెల్లగా వదిలి, ఖాళీ అయిన ఎడమ చెయ్యి అందరి ముందూ పైకెత్తింది.

“తగిలిందే తల్లీ” అంది. “నాకే తగిలింది.”

సోమవారం నేను హాల్లోనే ఉన్నాను, తన్మయి తల మీద. ఆదివారాలు మాత్రం ఊరమిరపకాయల డ్యూటీ తప్పలేదు.